నాయన చెవి, డాక్టరమ్మ కారు

ఆ రోజుల్లో మా హిందూపురంలో కారు మెకానిక్కుకు ముందు చెవి ఉండాలి, చేతులు ఆ తర్వాత. ఇప్పుడేమో కారుకు ఒక వైరు తగిలిస్తే తన జబ్బు పేరు తానే తెర మీద రాసి చూపిస్తుందట. తొంభైల్లో కార్లకు అంత చదువు లేదు. దగ్గేవి, ఎక్కిళ్ళు పెట్టేవి, మూలిగేవి. ఆ మూలుగు విని నొప్పి ఎక్కడో చెప్పగలిగినవాడే మెకానిక్కు. అందులో మా నాయన పేరు మోసినవాడు. పెనుకొండ రోడ్డులో రేకుల షెడ్డు ఆయనది. మడకశిర నుంచి, అమరాపురం నుంచి, అవతల కన్నడం మాట్లాడే ఊళ్ళ నుంచి కూడా బండ్లు వచ్చేవి. వచ్చినవాళ్ళెవరూ ఆయన అసలు పేరు అడిగేవాళ్ళు కాదు. 'చెవుల సాబు షెడ్డు యాడ?' అంటే చాలు, బస్టాండులో పూలమ్మే ఆమె కూడా చెయ్యి చూపించేది. (మా నాయన చెవులు నిజంగానే కాస్త పెద్దవి. ఆ పేరు చెవుల సైజు వల్ల వచ్చిందనుకుని చిన్నప్పుడు నేను చాలా సిగ్గుపడ్డాను.)

ఆయన పద్ధతి చూడముచ్చటగా ఉండేది. ఇంజన్ తిరుగుతుండగా బానెట్టు ఎత్తి, మూరెడు పొడుగు స్క్రూడ్రైవరు మొనను ఇంజన్ మీద ఆనించి, పిడిని తన కుడిచెవి వెనకాల ఎముకకు ఆనించుకుని కళ్ళు మూసుకునేవాడు. ఆ కాసేపు ఎవరూ మాట్లాడకూడదు. బండి యజమాని చేతులు కట్టుకుని, పరీక్ష ఫలితాల కోసం వచ్చినవాడిలాగా నిలబడేవాడు. నాయన కళ్ళు తెరిచి 'నీళ్ళ పంపు బేరింగు' అనో, 'మొదటి సిలిండరు వాల్వు' అనో మెల్లగా అనేవాడు. విప్పి చూస్తే అదే. నేనప్పుడు డిగ్రీలో కెమిస్ట్రీ తప్పి ఇంట్లో ఉన్నాను. ఇంట్లో ఉన్నాననడం కూడా సరికాదు. అమ్మ నోటికి భయపడి, చదువుకుంటానని పుస్తకం పట్టుకుని పొద్దంతా షెడ్డులో కూర్చునేదాన్ని. పుస్తకంలో బెంజీను ఎంతకూ తలకెక్కలేదు గానీ ఇంజన్ శబ్దాలు మాత్రం నాకు తెలియకుండానే చెవికెక్కాయి. ఏ బండి ఆరోగ్యంగా ఉందో, ఏది లేదో పుస్తకంలోంచి తల ఎత్తకుండానే తెలిసేది. ఆ విద్య ఒక విద్య అని ఎవరూ అనుకోలేదు, నేను కూడా.

అదే కాలంలో ఇంట్లో కొన్ని వింతలు జరిగాయి. అప్పట్లో అవి నవ్వుకోవడానికే పనికొచ్చాయి. 'చక్కెర తగ్గించేదా?' అని అమ్మ టీ గిన్నె దగ్గర నుంచి అడిగితే, 'ఛత్రీ తలుపెనక ఉండాది' అని నాయన జవాబు చెప్పాడు. నేనూ అమ్మా పొలమారేదాకా నవ్వాం. మేం నవ్వుతున్నామని ఆయన కూడా నవ్వాడు. షెడ్డులో ఫోను వస్తే 'నా చేతికి గ్రీసుండాది, నువ్వు మాట్లాడు పాపా' అని నాకే ఇచ్చేవాడు. చేతికి గ్రీసు లేని రోజున కూడా. అజాన్ వినపడగానే పానా కింద పెట్టే మనిషి, అజాన్ కన్నా ముందే గడియారం చూసుకుని మసీదుకు బయల్దేరడం మొదలుపెట్టాడు. 'వయసైతాంటే భక్తి పెరుగుతాది' అని అమ్మ పొంగిపోయి వీధంతా చెప్పుకుంది. మా ఎదురింటామె ఒకరోజు, 'ఏమక్కా, మీ ఆయప్పకు చెవుడేమన్నా వచ్చినాదా, పిలిస్తే పలకడే' అంది. అమ్మ చేతిలో చాట పక్కన పెట్టి, 'పెండ్లయినప్పుట్నుంచి నా మాట ఆయప్ప యాడ యిన్యాడు? ఇప్పుడు కొత్తగా చెవుడంటే నేనెట్ల నమ్మేది?' అంది. దానికి కూడా నవ్వాం.

పెనుకొండలో ఒక డాక్టరమ్మ ఉండేది. కోస్తా నుంచి వచ్చి చిన్న ఆసుపత్రి పెట్టుకుని కాన్పులు చేసేది. యాభై దాటిన మనిషి. తన కారు తానే నడుపుకుంటుందని ఆ చుట్టుపక్కల ఆమెకు కాన్పులతో సమానంగా పేరు. మూడు సిలిండర్ల చిన్న కారు, గంజి రంగుది. ఒక రోజు ఆమె షెడ్డుకు వచ్చి, 'సాయిబుగారూ, చదునుగా ఉన్నచోట బాగానే పోతుంది. మిట్ట ఎక్కాలంటే ఎక్కిళ్ళు పెడుతోంది. పొద్దున పూట మంచు ఉంటే మరీనూ' అంది. దీన్ని మా భాషలో మిస్సింగు అంటారు. ఒక సిలిండరు తన వంతు వచ్చినప్పుడు పేలకుండా ఊరికే ఉండిపోవడం. నాయన స్క్రూడ్రైవరు ఆనించాడు, కళ్ళు మూసుకున్నాడు, తెరిచాడు. 'ప్లగ్గులు' అన్నాడు. కొత్తవి వేశాడు. ఆమె వెళ్ళిపోయింది. నాలుగో రోజు మళ్ళీ వచ్చింది. మళ్ళీ స్క్రూడ్రైవరు, మళ్ళీ కళ్ళు. 'పాయింట్లు' అన్నాడు ఈసారి. ప్లగ్గులకు నిప్పు పంపే ఆ పాయింట్లు మార్చి, వాటి పక్కనుండే కండెన్సరు కూడా మార్చాడు. ఆమె వెళ్ళింది, వారం తిరక్కుండా మూడోసారి వచ్చింది. ఒకే బండి ఒకే జబ్బుతో మూడుసార్లు మా షెడ్డుకు రావడం నేను పుట్టాక జరగలేదు. నాయన కార్బురేటరు విప్పి ముక్కలు ముక్కలు చేసి, పెట్రోలుతో కడిగి, ఊది, సగం పూట కూర్చుని మళ్ళీ బిగించాడు. స్టార్టు చేయమన్నాడు.

ఆ క్షణం నాకు ఇప్పటికీ నిన్నటిలాగే ఉంది. ఇంజన్ టకటకటక అంటూ మధ్యలో బుస్ మని ఒకటి మింగుతోంది. మళ్ళీ టకటక, మళ్ళీ బుస్. నడిచే మనిషి ఒక కాలు ఈడ్చినట్టు. రోడ్డు మీద పోయే సైకిలువాడికి కూడా తెలిసేటట్టు ఉంది. మా నాయన దాని ముందే నిలబడి, గుడ్డతో చేతులు తుడుచుకుంటూ, పని ముగిసినప్పుడు ఎప్పుడూ నవ్వే ఆ చిన్న నవ్వుతో, 'యినండమ్మా, గడియారం మాదిరి ఉండాది' అన్నాడు. ఛత్రీ, ఫోను, అజాన్, మేము నవ్విన నవ్వులు అన్నీ ఒక్కసారిగా వచ్చి మీద పడ్డాయి. డాక్టరమ్మ నా వైపు చూసింది. నాయన కూడా నా వైపు తిరిగి, 'ఏం పాపా, ఎట్లుండాది?' అన్నాడు.

'బాగుండాది నాయనా' అన్నాను, గట్టిగా, ఆయనకు వినపడేటట్టు.

డాక్టరమ్మ ఇంకొక్క నిమిషం నన్నే చూసి, ఆసుపత్రికి వేళవుతోందని గడియారం చూసుకుని కారెక్కి వెళ్ళిపోయింది. ఆ శబ్దం రోడ్డు మలుపు దాకా నాకు వినపడుతూనే ఉంది. నేను పెద్ద త్యాగం ఏదో చేసినట్టు, నాయన పరువు నా ఒక్క మాటతో నిలబడ్డట్టు, కళ్ళు తుడుచుకుని కెమిస్ట్రీ పుస్తకం తెరిచాను. (తలకిందులుగా పట్టుకున్నానని టీ తెచ్చిన అమ్మ చెప్పింది.)

మర్నాడు పదింటికి డాక్టరమ్మ బస్సు దిగి నడుచుకుంటూ వచ్చింది. ముందురోజు సోమందేపల్లి దాటి పెనుకొండ మిట్ట ఎక్కుతుండగా కారు నాలుగు కుదుపులు కుదిపి నిలిచిపోయిందట. అప్పటికే ఆసుపత్రిలో ఒకామె నొప్పులు పడుతోంది. అడ్డం తిరిగిన బిడ్డ. నర్సు ఒక్కతే ఉంది. ఈమె రోడ్డు మీద చెయ్యి ఎత్తి ఎత్తి, చివరికి టమోటాల లారీలో డ్రైవరు పక్కన కూర్చుని చేరిందట. తల్లీ బిడ్డా బతికారు. ఇవన్నీ ఆమె నన్ను షెడ్డు బయటికి పిలిచి, చింత చెట్టు కింద నిలబెట్టి, గొంతు పెంచకుండా చెప్పింది. గొంతు పెంచి ఉంటే నాకు సులువుగా ఉండేది.

'నిన్న నీకు వినపడింది కదూ?'

నేను తల ఊపాను.

'మరి బాగుందని ఎందుకన్నావు?'

నేను షెడ్డు వైపు చూశాను. ఆమె లోపల వంగి పని చేసుకుంటున్న నాయన వైపు చూసి, తన చెవి మీద చెయ్యి పెట్టుకుని, 'ఎన్నాళ్ళ నుంచి?' అంది. తెలియదన్నాను. అప్పుడు ఏడుపొచ్చింది. ఆమె నా భుజం మీద చెయ్యి వేసింది గానీ ఓదార్చలేదు. 'కారు ట్రాక్టరుకు కట్టి పంపిస్తున్నాను. నీకు వినపడింది మీ నాన్నకు చెప్పు. కుదరకపోతే వేరే షెడ్డుకు తీసుకెళ్తానని కూడా చెప్పు' అని బస్సెక్కి వెళ్ళిపోయింది.

లోపలికి వెళ్ళి నాయన పక్కన నిలబడ్డాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక ఒక పానా తీసి తుడిచాను, ఇంకొకటి తీసి తుడిచాను. ఆయన తల ఎత్తకుండానే అడిగాడు.

'చెవుడని చెప్పెనా డాక్టరమ్మ?'

నా చేతిలో పానా కింద పడింది. ఆ చప్పుడుకు ఆయన ఉలిక్కిపడలేదు.

'ఆమె చెవి కాడ చెయ్యి పెట్టినప్పుడే తెలిసెలే' అన్నాడు. 'నాకు తెల్దనుకుంటివా పాపా? ఎడమ చెవి పోయి రెండేండ్లాయ. కుడిది ఈ యేడు మెల్లిగా మూసుకునె. ముందర స్క్రూడ్రైవరు పెడితే ఇంజన్ మాట్లాడేది. ఇప్పుడు ఒట్టి వణుకు తెలుస్తాది, అంతే.'

'మరి ప్లగ్గులని ఎట్ల చెప్తివి?' అని అరిచాను.

'పది బండ్లొస్తే ఏడు బండ్లకు ప్లగ్గులే కదా' అన్నాడు. నాకు నవ్వొచ్చింది. ఆయనకూ వచ్చింది. ఆ నవ్వు సగంలో ఉండగానే, 'నీకు యినపడెనా నిన్న?' అని అడిగాడు.

'ఊ.'

పెదవులు చూసి అర్థం చేసుకున్నాడు. మిట్ట మీద కారు ఆగిపోవడం, ఆ కాన్పు సంగతి అన్నీ అరిచి చెప్పాను. తర్వాత, 'నా మీద జాలిపడి ఆ ఆడమనిషిని రోడ్డు మీద నిలబెడితివి. బిడ్డకేమన్నా అయ్యుంటే నా పరువు యాడ పెట్టుకుందుము?' అన్నాడు. ఆయన జీవితంలో నన్ను తిట్టిన తిట్టు అదొక్కటే. ఆ మధ్యాహ్నం ఇద్దరం అన్నం దగ్గర కూర్చుని లేచాం. అమ్మ మాత్రం వడియాలు బాగా వేగలేదని అలిగాం అనుకుంది.

సాయంత్రానికి ట్రాక్టరు కారును లాక్కొచ్చింది. తెల్లారి షెడ్డు తెరవగానే నాయన తన స్టూలు ఇంజన్ ముందర వేసి, 'ఈడ కూచో' అన్నాడు. అది ఆయన స్టూలు. దాని మీద ఆయన తప్ప ఎవరూ కూర్చునేవాళ్ళు కాదు. 'నువ్వు యిను, నేను చేస్తా. బుస్ మన్నప్పుడల్లా నా చేతి మీద కొట్టు' అని ఎడమ అరచెయ్యి నా ముందు పెట్టాడు. ఇంజన్ స్టార్టు చేశాం. బుస్ మన్నప్పుడల్లా రెండు వేళ్ళతో ఆ అరచేతి మీద కొట్టాను. మొదట భయంభయంగా కొడితే, 'చీమ కుట్టినట్ల కొడతావేమి, గట్టిగా కొట్టు' అన్నాడు. అప్పుడు ఆయన కుడి చేత్తో ఒక్కొక్క ప్లగ్గు వైరే ఊడదీయడం మొదలుపెట్టాడు. పని చేసే సిలిండరు వైరు తీస్తే ఇంజన్ ఇంకా తడబడాలి. పని చేయనిది తీస్తే తేడా ఉండకూడదు. మొదటిది తీశాడు. ఇంజన్ ఆగిపోయేటట్టు మూలిగింది. చేతులు ఊపి చెప్పాను. మూడోది తీశాడు, అదే మూలుగు. రెండోది తీశాడు. ఏమీ మారలేదు. 'ఇదే నాయనా' అని అరిచాను. 'ఇదే, ఇదే' అని ఎగిరాను. ఎగిరి ఎక్కడ చెయ్యి పెట్టానో నాకే తెలియదు, మోచేతి దాకా ఫెడీమని షాకు కొట్టి స్టూలుతో సహా వెనక్కి పడ్డాను. 'దొరికినప్పుడు చేతులు కట్టుకోవల్ల' అని నన్ను లేపుతూ అన్నాడు. మాకు పాఠం చెప్పిన లెక్చరర్లు ఎవరూ అంత ఉపయోగమైన మాట చెప్పలేదు.

రెండో సిలిండరుకు ఇంకొక కొత్త ప్లగ్గు వేసి చూశాం, మార్పు లేదు. అంటే నిప్పు ప్లగ్గు దాకా చేరడం లేదు, దారిలో ఎక్కడో కారిపోతోంది. వైరు చూస్తే పైకి నున్నగా, పాము వీపులాగా ఉంది. నాయన దాన్ని వేళ్ళతో తడిమాడు, వంచి చూశాడు. తర్వాత, 'ఇంటికి పోయి మీ అవ్వ కంబళి తీసుకరా' అన్నాడు. చలికాలం కాదు. ఎండ నడినెత్తిన ఉంది, రేకుల షెడ్డు పెనం మాదిరి కాలుతోంది. ఎందుకని అడిగే ధైర్యం లేక పోయి నల్ల గొంగళి తెచ్చాను. నాయన బానెట్టు మీద నుంచి ముందుకు దాన్ని గుడారంలాగా కప్పి, అంచులు బిగించి, నన్ను లోపలికి దూరమన్నాడు. ఆయనా దూరాడు. లోపల చీకటి, పెట్రోలు వాసన, గొర్రె బొచ్చు వాసన, ఇంజన్ సెగ. చెమట కళ్ళలోకి కారుతోంది. నాయన చెంబులో నీళ్ళు ముంచి వైర్ల మీద చిలకరించాడు. ఒక్క నిమిషం ఏమీ కనపడలేదు. తర్వాత వైరు అడుగున, అది ఇనప క్లిప్పుకు రాసుకునే చోట, సన్నటి నీలం పోగు ఒకటి లేచి ఇనుము మీదికి దూకింది. మళ్ళీ దూకింది. అది దూకినప్పుడల్లా ఇంజన్ బుస్ మంది. నేను ఆయన చేతి మీద కొడుతున్నాను, ఆయన నీలం పోగును చూస్తున్నాడు. రెండూ ఒకేసారి కలిసేసరికి నాయన నా చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కాడు. ఆ వెలుగులో ఆయన కళ్ళు మాత్రం కనపడ్డాయి.

అదే సమయంలో అమ్మ సద్ది తీసుకుని వచ్చింది. ఆమెకు కనపడింది నల్ల గొంగళి కప్పుకున్న కారు, దాని ముందు బయటికి తేలిన రెండు జతల కాళ్ళు. 'ఏమైంది? ఏమయ్యో! ఓ పాపా!' అని పిలిచిందట. నాయనకు వినపడదు, నాకు ఇంజన్ హోరులో వినపడలేదు. ప్రాణాలు పోయాయనుకుని ఆమె సద్దిగిన్నె అక్కడే వదిలేసి, గొంగళి పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. మేమిద్దరం చెమటతో, మసితో, పిచ్చి ఆనందంతో ఆమె వైపు చూశాం. 'దొరికె!' అన్నాడు నాయన, షెడ్డు అదిరేటట్టు. (వినపడనివాళ్ళకు తమ గొంతు ఎంత పెద్దదో తెలియదు.) అమ్మ కింద కూలబడి, ముందు ఏడ్చింది, ఆ తర్వాత మమ్మల్నిద్దరినీ వరుస పెట్టి తిట్టింది.

కొత్త వైరు వేసి డాక్టరమ్మకు కబురు పెట్టాం. ఆమె వచ్చి, 'నేను నడుపుతాను, మీరిద్దరూ కూడా పెనుకొండ దాకా రండి' అంది. నాయన ముందు సీట్లో, నేను వెనక. సోమందేపల్లి దాటగానే నాయన సీటు పక్క నుంచి చెయ్యి వెనక్కి చాపాడు. నేను నా రెండు వేళ్ళు ఆ అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాను. మిట్ట మొదలైంది. కారు నిలిచిపోయిన చోటు వచ్చింది. డాక్టరమ్మ గేరు తగ్గించి కాలు నొక్కింది. కారు నున్నగా, ఒక్క తొట్రుపాటు లేకుండా పైకి పోతోంది. నా వేళ్ళు కదల్లేదు. ఎదురుగా కొండ మీద కోట గోడ కనపడేదాకా చూసి, నాయన తల వెనక్కి తిప్పాడు.

'ఏం పాపా, కొట్టవేమి?'

'కొట్టేదానికేం లేదు నాయనా.'

విన్నాడో, నా మొహం చూశాడో, ముందుకు తిరిగి కూర్చున్నాడు. చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు. అద్దంలోంచి డాక్టరమ్మ మమ్మల్ని చూసి వెంటనే రోడ్డు వైపు చూపు తిప్పుకుంది.

ఆమే ధర్మవరంలో తనకు తెలిసిన చెవి డాక్టరుకు చీటీ రాసిచ్చింది. ఇద్దరం రైలెక్కి పోయాం. ధర్మవరం స్టేషనులో బండి ఆగుతుండగా నాయన, 'కూత కూసెనా?' అని అడిగాడు. కూసిందన్నాను. 'యినపడినట్లే ఉండాది' అన్నాడు. నిజానికి అది కూయలేదు. (అబద్ధాలు చెప్పకూడదని అంత పాఠం నేర్చుకున్నాక కూడా ఇది చెప్పాను. ఇప్పటికీ పశ్చాత్తాపం లేదు.) చెవి డాక్టరు పరీక్షలన్నీ చేసి, చిన్నప్పటి నుంచీ ఏం పని చేశావని అడిగాడు. లారీల షెడ్లలో రేకులు కొట్టడంతో మొదలుపెట్టానని నాయన చెప్పాడు. 'ఆ సుత్తి చప్పుడే నరాన్ని తినేసింది, ఇక రాదు' అని డాక్టరు కాగితం మీద రాసి చూపించాడు. నాయన చదివి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు. చెవికి పెట్టుకునే మిషను ఒకటి ఇచ్చారు. అది పెట్టుకుని ఇంటికొచ్చిన మొదటి సాయంత్రం అమ్మ మాటలు వింటూ కూర్చుని, ఆశ్చర్యంగా, 'ఇంత మాట్లాడ్తావా నువ్వు?' అన్నాడు. అమ్మ రెండు రోజులు మురిసిపోయింది, మూడో రోజు అర్థమై అలిగింది. కానీ షెడ్డులో ఆ మిషను పనికి రాలేదు. ఇంజన్ మొత్తం ఒకే హోరుగా వినపడుతుందని, అందులో ఏ గొంతు ఏదో తెలియడం లేదని చెప్పి తీసేశాడు. తీసేసినప్పుడు ఆయన మొహం చూడలేకపోయాను.

అప్పటి నుంచి బండి వచ్చిన ప్రతివాడికీ ఆయనే ముందుగా చెప్పేసేవాడు. 'నాకు చెవులు లేవప్పా. మా పాప యింటాది, నేను చేస్తా. ఇష్టమైతే ఉండు.' కొందరు ఉన్నారు. చాలామంది, 'ఆడపిల్ల చెప్పిందని ఇంజన్ ఇప్పేదేంది సాబూ' అని నవ్వి వెళ్ళిపోయారు. డాక్టరమ్మ మాత్రం కారు అమ్మేసేదాకా మా దగ్గరికే వచ్చింది. నేను కెమిస్ట్రీ గట్టెక్కి, పెనుకొండలో విద్యాశాఖ ఆఫీసులో గుమాస్తాగా చేరేదాకా, మూడేళ్ళు అలా నడిచింది. నేను ఉద్యోగంలో చేరిన రోజు నాయన షెడ్డుకు తాళం వేశాడు. ఆ ఉత్తర్వు కాగితం చూసి నాకన్నా ఎక్కువ సంతోషించింది ఆయనే. తాళం వేసిన సంగతి నేను మొదటి జీతం వచ్చాక గానీ గమనించలేదు.

ఆ తర్వాతి ఏళ్ళ గురించి చెప్పాలంటేనే కష్టం. చెవులు పోయిన మనిషికి ప్రపంచం చప్పుడు లేకుండా అవుతుందని అందరికీ తెలుసు. మాటలు ఎలా తగ్గిపోతాయో మాత్రం ఇంట్లో ఉన్నవాళ్ళకే తెలుస్తుంది. ప్రతి మాటా అరిచి చెప్పాల్సి వస్తే మనిషి అవసరమైనవే అరుస్తాడు. అన్నం తిన్నావా. మాత్ర వేసుకున్నావా. వాన వస్తుంది లోపలికి రా. ఆఫీసులో ఎవరేమన్నారో, బస్సులో ఎవరు ఎవరితో పోట్లాడారో, ఏ టీచరుకు మళ్ళీ బదిలీ అయిందో ఎవరూ అరిచి చెప్పరు. నేను కూడా చెప్పలేదు. అలిసిపోయి ఇంటికి వచ్చి, అరుగు మీద కూర్చున్న ఆయనకు చెయ్యి ఊపి లోపలికి పోయేదాన్ని. ఆయన కూడా చెయ్యి ఊపేవాడు. ఇరవై ఏళ్ళప్పుడు ఒక్క అబద్ధంతో నాయనను కాపాడేశాననుకున్న ఆ పిల్లను తలుచుకుంటే నాకిప్పుడు కోపం రాదు, నవ్వొస్తుంది. ఆ పిల్ల కనీసం గట్టిగా అరిచి మరీ చెప్పింది.

ఒక సాయంత్రం మాత్రం, ఎందుకో తెలియదు, లోపలికి పోకుండా అరుగు మీద ఆయన ఎదురుగా కూర్చున్నాను. ఆ రోజు మా ఆఫీసులో జరిగింది చెప్పడం మొదలుపెట్టాను. కొత్త ఆఫీసరు వస్తాడని మా పెద్ద గుమాస్తా పూలదండ పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాడు. టై కట్టుకుని వచ్చిన ఒకాయన మెడలో దండ వేసి, లోపలికి తీసుకుపోయి, కుర్చీలో కూర్చోబెట్టి, టీ తెప్పించాడు. తీరా ఆయన ఎన్‌సైక్లోపీడియాలు అమ్ముకునే మనిషి. అసలు ఆఫీసరు చెప్పులు చేతిలో పట్టుకుని బురదలో వచ్చి, వరండాలో వరుసలో నిలబడి ఉన్నాడు. ముందుకు రాబోతే, 'మధ్యలో దూరుతావేమి, వరుసలో రా' అని మా పెద్ద గుమాస్తా చేత తిట్లు కూడా తిన్నాడు. ఇదంతా గొంతు చించుకుని చెప్పాను. సగంలో ఆయన చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని 'ఎవురు?' అంటే, మళ్ళీ మొదట్నుంచీ చెప్పాను, చేతులతో దండ వేసి, టై కట్టి, చెప్పులు చేతిలో పట్టుకుని చూపించాను. ఎదురింటామె తలుపు తీసుకుని బయటికి వచ్చింది. కూరగాయల బండివాడు బండి ఆపాడు. 'మల్ల ఏమాయ?' అని వాడే అడుగుతున్నాడు. అమ్మ లోపలి నుంచి 'వీధంతా యినపడ్తాండాది, మెల్లిగా చెప్పే' అని అరిచింది. (మెల్లిగా చెప్తే ఎలా?) కథ అయిపోయింది. ఎదురింటామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. బండివాడు నవ్వాడు. అందరికన్నా చివర, ఒక్క క్షణం ఆలస్యంగా, నాయన నవ్వాడు. ముందు కళ్ళు, తర్వాత భుజాలు, తర్వాత గట్టిగా.

కథ అర్థమై నవ్వాడో, మా అందరి మొహాలు చూసి నవ్వాడో తెలుసుకోవాలనిపించింది. అడగాలంటే మళ్ళీ అరవాలి. నా గొంతు అప్పటికే బొంగురుపోయింది. లోపలికి పోయి ఒక చెంబు నీళ్ళు తాగి వచ్చాను. అప్పటికి బండివాడు వెళ్ళిపోయాడు, ఎదురింటి తలుపు మూసి ఉంది. నాయన ఒక్కడే అరుగు మీద కూర్చుని, వీధి వైపు చూస్తూ, ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.